ఎర్రగుడ్డ పేలికలు

ఏజెన్సీలో ఇంజనీరుగా చేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే పొగమంచు గురించీ కాఫీ తోటల గురించీ చెబుతాను. ఈ సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పెదబయలు సంతరోజు పొద్దున్నే సొంత కారులో బయలుదేరి, దారిలో టీ కోసం ఆగాను. మంచుకని వేసిన హెడ్‌లైట్లు ఆర్పడం మరిచాను. కబుర్లలో పడి గంటసేపు కూర్చున్నానేమో, తిరిగొచ్చి తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు.

సంతకెళ్ళే సర్వీసు జీపొకటి ఆగింది. పసుపు, అల్లం మూటలతో పదిహేను మంది దాకా ఉన్నారు. డ్రైవరు కొండ మనిషి, నా వయసువాడే. అడక్కుండానే అందర్నీ టీ కొట్టు దగ్గర దింపాడు. జీపును నా కారుకు తగలకుండా ఎదురుగా తెచ్చి, ఇంజను కట్టేసి, సీటు కింద నుంచి రెండు బ్యాటరీలనీ కలిపే క్లిప్పుల వైర్లు తీశాడు. రెండూ నల్లవే. ఒకదానికి మాత్రం రెండు కొసలా ఎర్రగుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి.

"ఉండండి బాబూ, సక్రాలకి రాళ్లెట్టొచ్చేత్తాను," అని వెళ్ళాడు.

ఉండొచ్చుగా? ఉండలేదు. బ్యాటరీకి వైరు తగిలించడం నాకొకడు చెప్పాలా అనుకున్నాను. అక్కడి జీపులకు అద్దం దగ్గరా, బంపరుకీ అమ్మవారి పేరు మీద ఎర్రగుడ్డలు కడతారు. ఇదీ అలాంటి మొక్కే అనుకుని, వీళ్ళ పిచ్చి నమ్మకాలని లోపల నవ్వుకుని, క్లిప్పులకు అడ్డమని రెండు పేలికలూ విప్పి తుప్పల్లోకి విసిరేశాను. అవి ప్లస్ వైరుకు గుర్తని నా ఇంజనీరు బుర్రకు తట్టలేదు. పెనవేసుకున్న వైర్లను జీపు వైపు సరిగ్గానే పెట్టి, కారు వైపు తారుమారు చేశాను.

చివరి క్లిప్పు తగలగానే నిప్పులు చిమ్మాయి. వైరు పొగలు కక్కింది. నేను వెనక్కి దూకాను. అతను పరిగెత్తుకొచ్చి క్లిప్పును ఒట్టి చేత్తో పట్టి లాగేశాడు. కుడి అరచెయ్యి కాలిపోయింది. ఒకామె తన సొరకాయ నీళ్ళబుర్ర తెచ్చి దాని మీద పోసింది. ఆ చేత్తోనే స్టీరింగు పట్టి అతను ఇంతమందినీ ఘాటీ దాటించాలి.

అయినా నన్ను వదిలి వెళ్ళలేదు. తడి తువ్వాలు చుట్టుకుని, వైర్లను కొస నుంచి కొసదాకా తడిమి వేరుచేసి, ప్లస్‌కు ప్లస్ పెట్టాడు. జీపు మైనస్ నుంచి వచ్చిన వైరును నా బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజను బోల్టుకు తగిలించాడు. అక్కడైతే నిప్పురవ్వ లేచినా బ్యాటరీ పేలదట. కాసేపు జీపు ఇంజను నడిపించి నన్ను తాళం తిప్పమన్నాడు. కారు స్టార్టయింది.

వైర్లు చుట్టుకుంటూ కొసలు చూసుకున్నాడు. మొహం చిన్నబోయింది.

"తప్పు నాదే బాబూ. ఎర్రగుడ్డ లూజుగా కట్టేసినట్టున్నాను, ఎక్కడో ఊడిపోనాది. మీకేటి తెలుస్తాది."

నిజం చెప్పడానికి ఆ జనం ముందు నోరు రాలేదు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఇకనుంచి గట్టిగా కట్టుకోమని అతనికి చెప్పి మరీ వచ్చాను.