పాస్టరమ్మ పొద్దుటి గొంతు

మా పాస్టరమ్మ చనిపోయిందన్న వార్తకు నేను చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. చదవకుండానే పెట్టాను.

నేను హైదరాబాదులో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ సోమవారం పొద్దున డ్యూటీకి పోతూ బస్సులో నిలబడి ఉండగా మా ఊరి చర్చి గ్రూపు మోగింది. ఆ వేళకు రోజూ వచ్చేది పాస్టరమ్మ వాయిస్ మెసేజే. రద్దీలో వినడం కుదరకపోతే ముందు బొమ్మ పెట్టేసి, డ్యూటీ దిగాక వినడం నాకు అలవాటు. ఆ రోజూ అంతే చేశాను. అప్పటికే పది పన్నెండు మంది అవే చేతులు పెట్టి ఉన్నారు. ఇద్దరు ‘ఆమెన్’ అని రాశారు. ఆ కింద ఎవరో ‘అయ్యో దేవా’ అన్నారు. అది చూసి వెనక్కి పోయాను. అక్కడున్నది ఆమె గొంతు కాదు, వాళ్ల పెద్దమ్మాయి రాసిన రెండు ముక్కలు. ‘అమ్మ తెల్లారి లేవలేదు. అందరూ రండి.’

నేను పెట్టిన బొమ్మను తీసేయడం నాకు తెలుసు. కానీ తీయలేదు. ఒక్కొక్కరూ వచ్చి తమ తమ చేతులు తీసేసుకుంటున్నారు. ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అని వరసగా పడుతోంది. అందరం ఒకే తప్పు చేశామని అప్పుడు అర్థమైంది. ఎల్బీనగర్‌లో దిగి, విజయవాడ వైపు పోయే బస్సెక్కి కట్టంగూర్‌లో దిగాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు. నిన్న ఆదివారం కూడా ఆమె మాట్లాడిందే, మరి ఇదేమిటి అన్న ఒక్క ప్రశ్నే బుర్రలో తిరిగింది.

కట్టంగూర్‌కు కొంచెం లోపల, పత్తి చేల మధ్య మా ఊరు. రేకుల కప్పు చర్చి. మా తాతల కాలంలో మాలో ఎవరికీ గుంట భూమి లేదు. ఇప్పుడు కొందరికి ఎకరం, రెండెకరాలు ఉన్నాయి. మిగతావాళ్లం పట్నంలో డ్రైవర్లం, వాచ్‌మెన్లం, నర్సులం. ఊళ్లో ఉన్నవాళ్లే ఆదివారం చాపల మీద కూర్చుంటారు. ఆమె భర్త, మా పాస్టరు అయ్యగారు, మెల్లగా, నేల చూస్తూ బైబిలు వాక్యం చెప్పే మనిషి. మనుషులను పోగుచేసే పని పాస్టరమ్మది.

లాక్‌డౌన్‌లో చర్చి మూతపడినప్పుడు ఆమె చేతికి ఫోన్ వచ్చింది. పెద్దమ్మాయి వాడి వదిలేసిన, అద్దం పగిలిన ఫోన్. ఐదో తరగతి చదువు. బైబిలు చదువుకునేది గానీ ఆ చిన్న అక్షరాలు నొక్కడం ఆమెకు పట్టుబడలేదు. నేను వార్డులోంచే ఫోన్‌లో నేర్పాను.

“మైకు బొమ్మ మీద ఏలు పెట్టి పట్టుకోన్రి అమ్మా. మాట్లాడినంక ఇడిచిపెట్టున్రి.”

అలా గ్రూపులో ఆమె మొదటి మెసేజ్ వచ్చింది. కొంతసేపు కోడి కూత. తర్వాత, “ఏం మాట్లాడాలయ్యా? అందరు ఇంటరట.” అంతే. భర్తను అడుగుతూ వేలు వదిలేసింది. రోజూ చావులు చూస్తున్న రోజులవి. పీపీఈ డ్రెస్సు విప్పి, చేతులు కడుక్కుని, ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విని నవ్వుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఆగలేదు. రోజూ పొద్దున రెండు నిమిషాలు. ‘వందనాలు బిడ్డలారా, లేచిన్రా’ అని మొదలుపెట్టి, ఒక వాక్యం, చిన్న ప్రార్థన, చివర ఊరి కబురు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి పిల్ల పరీక్ష పాసైంది, నిన్న వాన పడిందా లేదా. పట్నంలో ఉన్నవాళ్లం నిజం చెప్పాలంటే ఆ చివరి ముక్క కోసమే వినేవాళ్లం. అది ఆమెకూ తెలుసు. అందుకే దాన్ని చివర పెట్టేది.

మెసేజ్ పెట్టాక మళ్లీ ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసేది. ఎందుకమ్మా ఇంత కష్టం అని ఒకసారి అడిగాను. “దేవునికి మీ అడ్రసు తెల్సు బిడ్డ. నాకే తెల్వది. గందుకే ఫోన్ చేస్తున్న” అంది.

ఊళ్లో గొర్లు కాసే ఒకాయన ఉన్నాడు. వాళ్ల దేవుడు వేరు, వాళ్ల జాతర వేరు. ఒకరోజు వచ్చి తననూ గ్రూపులో కలపమన్నాడట. “మీ పాటలు నాకొద్దమ్మా. వాన ముచ్చట జెప్తవు గద, గదొక్కటి ఇంట” అన్నాడట. కలిపింది. పొద్దున మంద తోలుకుపోతూ స్పీకర్ పెట్టుకుని వింటాడు. ఆయన మంద ఎటు పోయిందో పాస్టరమ్మ గొంతును బట్టి తెలుస్తుందని మా అమ్మ అనేది.

చర్చి మళ్లీ తెరిచాక ఆమె ఇంకో పని తలపెట్టింది. మీలో చర్చి ఎరగనివారి కోసం చెబుతున్నాను: ఆరాధన మధ్యలో కానుక సంచి తిప్పుతారు, ఉన్నంతలో వేస్తారు. మా ఆడవాళ్లు రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి, ఆదివారం అవి తెస్తారు. దూరంగా ఉన్నవాళ్ల కోసం ఫోన్‌తో స్కాన్ చేసి కానుక వేసే స్టిక్కర్ పెట్టి, దాని ఫొటో గ్రూపులో పంపుదామని పాస్టరమ్మ అంది.

“మందిరంల దుకాణం లెక్క గీ స్టిక్కరేందే?” అన్నారు అయ్యగారు.

“పట్నంల ఉన్న పిల్లలు కానుక ఎట్లేస్తరయ్యా? మన సంచి గంత దూరం సాగదు గద.”

స్టిక్కర్ వచ్చింది. మొదటి వారమే బొంబాయి నుంచి, హైదరాబాదు నుంచి కానుకలు వచ్చాయి. ఆమెకు సంబరం ఆగలేదు. ఆదివారం సాయంత్రం మెసేజ్‌లో వేసినవాళ్ల పేర్లన్నీ చదివి, ఒక్కొక్కరికీ దీవెన చెప్పింది. తర్వాతి వారాల్లో జనం తమ కానుక ఫొటో తామే గ్రూపులో పెట్టడం మొదలుపెట్టారు. ఒకరిని చూసి ఒకరు.

మా అమ్మ పరుల చేలలో పత్తి ఏరుతుంది. ఆమెది నొక్కే ఫోన్. ఒక ఆదివారం ఆమె చర్చికి పోలేదు. మరుసటి ఆదివారమూ పోలేదు. ఏమైందని నేను గట్టిగా అడిగితే, “నా బియ్యం ఫోన్ల కనబడయి గద బిడ్డ. పోయి ఏం జెయ్యాలె” అంది.

నాకు ఒళ్లు మండింది. పాస్టరమ్మకు ఫోన్ చేశాను. “మీ ఫోన్లు వచ్చినంక మందిరం అంగడి లెక్కయింది. ఇన్నేండ్ల సంది మా అమ్మ తెచ్చిన బియ్యం ఎన్నడన్న సదివిన్రా?” అన్నాను. తల్లిలాంటి మనిషిని అనరాని గొంతుతో అన్నాను. ఆమె “సరే బిడ్డ” అని పెట్టేసింది.

మరునాడు ఆమె నడుముకు గుడ్డ కట్టుకుని మా అమ్మ పనిచేసే చేలోకి వెళ్లింది. పక్క సాలు పట్టి పొద్దు వాలేదాకా పత్తి ఏరింది. చర్చి మాట ఎత్తలేదు. ఇంటికి మళ్లేటప్పుడు మాత్రం, “అక్కా, తప్పు నాదే. నువ్వు రాకుంటే ఆదివారం నేను సుత రాను” అంది.

“నువ్వు రాకుంటే మందిరం తలుపెవరు తీస్తరమ్మా” అంది మా అమ్మ. ఇద్దరూ అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చారట.

ఆ ఆదివారం ఆమె అందరి ముందూ నిలబడింది. చెప్పిందంతా సాయంత్రం గ్రూపులోనూ చెప్పింది. “పేర్లు సదివింది నేను. సంబురంల సదివిన. గా సంబురం ఒక అక్కను ఇంట్ల కూసోబెట్టింది. నన్ను మన్నించున్రి. ఇచ్చినోళ్ల పేరు దేవునికి ఎరుకైతే సాలు. అవసరమున్నోళ్ల పేరు మనకెరుక గావాలె.” స్టిక్కర్ తీయలేదు. ఫొటోలు మాత్రం ఆగిపోయాయి. అప్పటి నుంచి పేర్లు మారాయి. ఎవరికి జ్వరం, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరి బోరు ఎండింది. వాళ్లను ముందుగా అడిగి, సరేనంటేనే చెప్పేది.

అలా ఒకసారి మా అమ్మ పేరే వచ్చింది. డెంగీ వచ్చి నల్లగొండ దవాఖానలో పడింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. నేను హైదరాబాదు నుంచి చేరేసరికి మా ఊరివాళ్లు నలుగురు రక్తమివ్వడానికి వరండాలో కూర్చుని ఉన్నారు. నాలుగో మనిషి గొర్లాయన. చేతికర్ర గేటు దగ్గర పెట్టి వచ్చాడు. మీది ఏ గ్రూపన్నా అని అడిగాను. “నాకేమెరుక బిడ్డ. పాస్టరమ్మ గ్రూపుల ఉన్న గద. జూడున్రి” అన్నాడు. మా అమ్మ బతికి ఇంటికి వచ్చింది.

ఇంతవరకు పాస్టరమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇక్కడ రాస్తున్నాను. పోయేముందు శనివారం పాస్టరమ్మ నాకు ఫోన్ చేసింది. ఆదివారం వస్తవా అంటే డ్యూటీ ఉందన్నాను. పెట్టేయబోతూ, “ఎడమ భుజం గుంజుతాంది బిడ్డ, రెండు దినాల సంది” అంది. ఏం మోసిన్రమ్మా అన్నాను. బియ్యం సంచి జరిపిన అంది. నొప్పి గోలీ వేసుకోమన్నాను, నూనె రాసుకోమన్నాను. వార్డుకు ఆమె వయసు మనిషెవరు ఆ మాటతో వచ్చినా ఛాతీ ఎలా ఉంది, చెమట పడుతోందా, ఆయాసం ఉందా అని అడగకుండా వదలను. ఆమెను అడగలేదు. అది ఆమె గొంతు కాబట్టి, ఆ గొంతుకు ఏమీ కాదనుకున్నాను. మా డాక్టర్ గారికి చెబితే, అది గుండెనొప్పేనని ఖాయంగా ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. నిజమే కావచ్చు. అయినా బస్సెక్కిన ప్రతిసారీ నేను అడగని ఆ మూడు ప్రశ్నలు నాతోపాటు ఎక్కుతున్నాయి.

ఆమె చనిపోయిన మూడో రోజు వాళ్లింటికి పోయాను. అయ్యగారు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనకు ఎప్పుడూ చిన్న ఫోనే. ఇప్పుడు ఆమె ఫోన్ చేతిలో ఉంది. తాళం తీయడం ఎవరికీ తెలియదు. నేను రెండు మూడు గీతలు గీసి చూశాను. రాలేదు.

“ఉండనీ బిడ్డ” అని వెనక్కి తీసుకున్నారు.

అప్పుడే అద్దం వెలిగింది. ఎవరో మెసేజ్ పెట్టారు. లోపలి మాట కనబడదు, ఆమె చెప్పి పెద్దమ్మాయితో ఎక్కించిన పేరొక్కటే కనబడుతుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, “బొంబాయి చిన్నోడు” అని పైకి చదివి కళ్లు మూసుకున్నారు. ప్రార్థనలో పెదాలు కదిలాయి. కళ్లు తెరిచేలోపే మరో వెలుగు. “హాలియా చెల్లె.” మళ్లీ కళ్లు మూసుకున్నారు. ఎండ ఆయన మోకాళ్లదాకా పాకింది. కుర్చీ జరపలేదు. ఆరిపోయిన అద్దాన్ని తువ్వాలుతో తుడిచి, రెండు అరచేతుల్లో పట్టుకుని, ఇంకో పేరు కోసం చూస్తూ కూర్చున్నారు.