మెర్విన్ మూడున్నర శాతం

మెర్విన్ ట్రెలోర్‌కి ఒక్కటే జబ్బు. ఏటా జూలైలో హోటల్ పనివాళ్ల జీతాలూ భత్యాలూ ధరలకు తగ్గట్టు ఎంత శాతం పెరిగితే, తన బతుకులో ప్రతిదాన్నీ అంతే శాతం పెంచేస్తాడు.

ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అనే ఊళ్లో ఓ పాత హోటల్లో ఆయన జీతాల గుమాస్తా. ఈ ఏడు పెంపు మూడున్నర శాతం. దాంతో కుక్కతో గంట షికారు అరవై రెండు నిమిషాల ఆరు సెకన్లయింది. కుక్క గుమ్మం ముందు కూలబడి మూలుగుతుంటే, ఆయన గడియారం చూస్తూ రోడ్డు మీదే నిలబడేవాడు.

ఈ లెక్కలంటే హోటల్ వంటావిడ నరెల్‌కి ఒళ్లు మండేది.

"నిరుడు చిప్స్ ఇరవై ఎనిమిది పెట్టావు. ఇప్పుడు ఇరవై తొమ్మిది రావాలి," అన్నాడు పళ్లెం చాపి.

"బంగాళాదుంపకి కూడా ఉత్తర్వులొచ్చాయా?"

"దానికి రాలేదు. తినేవాడికొచ్చింది."

"రోజూ నాలుగు తిట్లు తిడుతున్నా. అవీ పెంచనా?"

"నాలుగు ఐదవ్వాలంటే ఏడేళ్లు పడుతుంది తల్లీ. తొందరపడకు."

అయితే సొంత కత్తులు వాడినందుకు ఆమెకొచ్చే భత్యంలోగానీ, యూనిఫాం ఉతుకు భత్యంలోగానీ ఆయన ఏనాడూ ఒక్క సెంటు తేడా రానివ్వలేదు. అందుకని సణుగుతూనే ఇరవై తొమ్మిదో ముక్క పడేసేది.

ఓ మధ్యాహ్నం నరెల్ టేబుల్ గుడ్డల కోసం సామాన్ల గదికి వెళ్లింది. మెర్విన్ ఇస్త్రీ చొక్కాల దొంతర మీద కూర్చుని, అటూ ఇటూ ఒరుగుతూ వాటిని నలుపుతున్నాడు.

"మెర్వ్, మతిగానీ పోయిందా?"

ఆయన మొహం కందగడ్డయింది.

"ఆల్మా కోసం," అన్నాడు చివరికి.

ఆల్మా ముప్ఫై ఏళ్లు ఆ హోటల్ గదులు ఊడ్చిన మనిషి. మోకాళ్లు అరిగి మానేసింది. మానేసినవాళ్లకి ఈ పెంపులు వర్తించవు. ఆవిడ ఊరికే ఇస్తే టీ కూడా తాగదు.

"వారం వారం ఆవిడకి చొక్కాలు ఇస్త్రీకిస్తాను. జూలైలో రేటు పెంచా. చొక్కాలూ పెంచాలి కదా. లెక్క ప్రకారం పన్నెండుకి ఇంకో అరచొక్కా తగిలింది. అర ఇస్తే బాగోదని పదమూడు చేశా."

"నీకున్నవి నాలుగేగా?"

"తక్కినవి మా బావమరిదివి. అన్నీ ఇస్త్రీ చెదరనివే. ముడతల్లేకపోతే ఆవిడ డబ్బు ముట్టదు."

"ఇన్ని చొక్కాలెందుకని అడగదా?"

"నీకు చెమట బాగా పడుతుందనుకుంటా నాయనా, డాక్టరుకి చూపించుకో అంటుంది."

నరెల్ ఆయన్ని ఎగాదిగా చూసింది. వెనక్కి తిరిగి తలుపు మూసింది.

"పుల్లలా ఉంటావు, నీ బరువుకేం నలుగుతాయి. జరుగు," అంటూ పక్క దొంతర మీద చతికిలబడింది.