పాపయ్య లెక్కపెట్టిన వేడి

తెలిసి కూడా పాపయ్య ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదు? ఇన్నేళ్లయినా మల్లేశ్వరరావు ఇదే ఆలోచిస్తుంటాడు.

పాపయ్యది రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. వ్యాగన్ల ఇరుసు పెట్టెలు వేడెక్కాయేమోనని ముప్పయ్యేళ్లు చేతి వెనకవైపు ఆనించి చూసిన మనిషి. రిటైరయ్యాక ఉర్లా పారిశ్రామికవాడలో ఉక్కు రేకులు కోసే ఫ్యాక్టరీలో చేరాడు. పింఛను చాలదు, ఆ జీతం కలిస్తేనే ఇల్లు గడిచేది. కోత యంత్రాన్ని నడిపేవి, అడుగు అడుగుగా లెక్కతో తిరిగే రెండు స్టెప్పర్ మోటార్లు. వాటికి కరెంటు కొలిచి పంపే డ్రైవర్ పెట్టెలు గోడ బీరువాలో ఉండేవి.

మొదట్లో ఆ మోటార్లు అతన్ని ఏడిపించాయి. తిరగకుండా నిలబడి ఉన్నా వేడెక్కేవి. వేడెక్కిన ఇరుసంటే చెడిన ఇరుసే కదా, అందుకని కరెంటు బాగా తగ్గించేశాడు. మోటార్లు అడుగులు తప్పి, రేకులు వంకరగా తెగాయి. ఆపరేటర్ మల్లేశ్వరరావు షెడ్డంతా వినేలా నవ్వాడు.

"ఏటి బావా, ఇది మాల్‌గాడీ వ్యాగన్ అనుకున్నావేటి?"

పాపయ్యా నవ్వేశాడు. మోటారు మీది అంకెలు చదివించుకుని రెండు ఆంపియర్ల దగ్గర డ్రైవర్ పెట్టెల స్విచ్చులు నిలిపాడు. చేతి వెనక ఆనించి అయిదు లెక్కపెట్టగలిగితే ఆ వేడి మోటారు స్వభావం. మూడుకే చెయ్యి లాక్కోవాల్సి వస్తే డ్రైవర్ ఎక్కువ కరెంటు తోస్తున్నట్టు. అది అతని కొలత.

1997 ఎండల్లో ఒక మోటారు కాలిపోతే కొత్తది తెచ్చి బిగించారు. ఇంకొకటి కాలితే బాధ్యుడు గేటు బయటే అన్నాడు మేనేజరు రామమూర్తి. వారం తిరక్కుండానే, మందం రేకు మీద వేగం పెంచినా మోటార్లు అడుగు తప్పకూడదని మల్లేశ్వరరావు ఎవరూ లేనప్పుడు బీరువా తెరిచాడు. ఎర్రదారం చుట్టిన తన టెస్టరుతో స్విచ్చులన్నీ నాలుగుకి మార్చాడు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలని పాపయ్య అతనికి ఎన్నోసార్లు చెప్పాడు. మధ్యాహ్నానికి ఒక మోటారు పొగ చిమ్మి ఆగింది.

రామమూర్తి బీరువా తెరిచి చూసి, ఎవరి పనని అడిగాడు. తాను రెండు దగ్గరే ఉంచానన్నాడు పాపయ్య. మల్లేశ్వరరావు నేల చూపులు చూస్తూ, "ఆ పెట్టెల సంగతి బావే చూస్తాడు సార్," అన్నాడు.

రామమూర్తి అందర్నీ పోగేశాడు. "నీ చెయ్యే థర్మామీటరటగా పాపయ్యా. రెండోది ఇంకా నడుస్తోంది. పెట్టి చూపించు."

పాపయ్య చేతి వెనక ఆనించబోయాడు.

"అరచెయ్యి," అన్నాడు రామమూర్తి.

ఒకటి. రెండు. మూడు. ఎవరో కిసుక్కుమన్నారు. మల్లేశ్వరరావూ లోలోపల లెక్కపెడుతున్నాడు. ఆరుకి నిజం చెప్పేద్దామనుకున్నాడు, తర్వాత ఎనిమిదికి అనుకున్నాడు. పది దగ్గర రామమూర్తి చాలన్నాడు.

"ఎక్కువుంది సార్," అన్నాడు పాపయ్య. "దీనికి రెండే ఇవ్వాల."

రేపట్నుంచి రావద్దన్నాడు రామమూర్తి.

పాపయ్య మెయిన్ ఆపి, బీరువా దగ్గరికి వెళ్లాడు. అడుగున ఎర్రదారం టెస్టరు పడి ఉంది. ఎడం చేత్తో దాన్ని తీసి, మిగిలిన మోటారు స్విచ్చుల్ని రెండుకి దించాడు. తిరిగొచ్చి టెస్టరును మల్లేశ్వరరావు చొక్కా జేబులో పెట్టాడు. బొబ్బలు లేస్తున్న కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది.

"బావా," అన్నాడు మల్లేశ్వరరావు.

పాపయ్య ఎడం చేత్తో టిఫిన్ డబ్బా అందుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.