వెయ్యిన్నూట పదహారు వాటాలు

బేతంచెర్ల స్టేషన్‌లో నేను దిగేసరికి పదకొండు గంటల పది నిమిషాలు. డోన్‌లో బండి మారడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ రోజు శనివారమని డైరీలో రాసి ఉంది. డైరీలో అన్నీ వరుసగానే ఉన్నా, ఇప్పుడు తలచుకుంటే అదంతా నిద్రలో నడిచిన దారిలా తోస్తుంది. రాతిపొడి గాలిలో నిలిచిపోయి ఉంది. బండల లారీలు ముందు చప్పుడుగా, తర్వాత ఆకారంగా ఆ తెల్లదనంలోంచి వెలువడి, మళ్లీ అందులోనే కరిగిపోతున్నాయి. ఎదురుగా వస్తున్న మనుషుల కనుబొమలు తెల్లగా ఉన్నాయి. ముసలివాళ్లెవరో, పడుచువాళ్లెవరో దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు.

నేను వెళ్లిన పని ఒక అంకె గురించి.

ముప్పై నాలుగేళ్లుగా కబడ్డీ పోటీలకు స్కోరు రాస్తున్నాను. ఆ కారణంగానే రాష్ట్ర లీగ్ వారు తమ క్రమశిక్షణ సంఘంలో నన్ను మూడో సభ్యుడిగా నియమించారు. అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. రెండో సభ్యురాలు ముంబై నుంచి వచ్చే న్యాయవాది. మా ముందుకు వచ్చిన ఫిర్యాదు కడప జట్టులో కూతకు వెళ్లే ఆటగాడి మీద. అతనిది కోడుమూరు దగ్గర ఒక పల్లె. వయసు ముప్పై ఒక్క ఏళ్ల ఏడు నెలలు. ఆటల మీద పందెం కాయించే ఫోన్ యాప్ ఒకదానిలో అతని పేరిట వాటాలున్నాయన్నది అభియోగం. అలాంటివి ఇప్పుడు మూతపడ్డాయి గాని, అప్పటికి బెంగళూరులో నడుస్తుండేవి. నియమం స్పష్టం. పందేల వ్యాపారంలో ఆటగాడికి తెలియకుండా వాటా ఉంటే మందలింపు, తెలిసి దాని లాభం తీసుకుంటే ఒక సీజన్ పూర్తిగా నిషేధం. ఆ వయసులో, అప్పటికే దెబ్బతిన్న కుడి మోకాలితో ఒక సీజన్ బయట ఉండడమంటే ఏమిటో మా ముగ్గురికీ తెలుసు, అతనికీ తెలుసు.

లీగ్ కార్యాలయం పంపిన కాగితంలో ఇలా ఉంది: వాటా విలువ ఒక రూపాయి, వాటాలు వెయ్యిన్నూట పదహారు. వాళ్లకు అది అంకె మాత్రమే. నేను మాత్రం ఆ కాగితాన్ని మూడు రోజులు బల్ల మీదనుంచి తీయలేకపోయాను. లాభం ఆశించి పెట్టుబడి పెట్టేవాడు వెయ్యి పెడతాడు, లక్ష పెడతాడు. వెయ్యిన్నూట పదహార్లు పెట్టడు. అది చదివించే సొమ్ము.

ఆ వ్యాపారం మొదలుపెట్టినది ఆటగాడి బావ, అంటే అక్క భర్త. బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీ అతనిది. బండలు కొనే బెంగళూరు స్నేహితులు కొందరితో కలిసి యాప్‌లో దిగాడు. నేను వెళ్లేసరికి కోత యంత్రం నడుస్తోంది. రంపం మీద ధారగా పడుతున్న నీళ్లు రాతిని తాకి పాలలా మారి, కాలువగా ఆవరణ దాటి పోతున్నాయి. ఎంతసేపు ఆ నీళ్లను చూస్తూ నిలబడ్డానో చెప్పలేను. నాకు అలా జరగడం అరుదు.

"ఏం సార్, ఈ ఎండలో రైలుకొస్తిరా? ఫోను చేసింటే కారు పంపుదును గదా!" అంటూ ఆయనే ఎదురొచ్చాడు.

విచారణలో ఉన్నవారి కారు ఎక్కకూడదని చెప్పాను.

"మజ్జిగన్నా తాగొచ్చా, అదీ కూడదా?"

మజ్జిగకు నియమం లేదన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. నేను అడిగిన పుస్తకం తానే లోపలినుంచి తెచ్చాడు. నూరు పేజీల నోటు పుస్తకం, నాలుగు మూలలా పసుపు. యాప్ ప్రారంభ పూజనాడు చదివింపులు రాసిన పుస్తకమది. మొదటి వరుసలో ఆటగాడి పేరు, ఎదురుగా వెయ్యిన్నూట పదహార్లు. దాని కింద అయిదువందల పదహార్లు ఇద్దరివి, నూటపదహార్లు పందొమ్మిది మందివి.

"బోణీ మా బావమర్ది చేత చేపిస్తిమి సార్. శానా మంచి చెయ్యి. ఈ ఫ్యాక్టరీకీ మొదటి బండ ఆయప్పే ఎత్తినాడు."

"చదివింపులు వాటాలెలా అయ్యాయి?"

"మనోళ్లు పెట్టిన దుడ్లు ఊరకే తినేదెట్ల సార్? అందరికీ ఇంత భాగం ఉండల్ల గదా! పుస్తకం తీస్కపోయి ఆడిటర్ చేతికిస్తి. ఆయప్ప అందరికీ రాసేసినాడు." ఆయన గొంతు తగ్గించాడు. "మా అవ్వ కూడా వాటాదారే. ఎనభై ఏండ్లు. ఫోనొస్తే యా పక్క చెవికి పెట్టుకోవల్లనో తెల్దు."

"మీ బావమరిది సంతకం పెట్టాడు కదా?"

"పెట్టమంటే పెట్టినాడు. నేను పెట్టమంటే ఎందుకని అడుగుతాడా సార్?"

ఆ పేజీకి నకలు తీయించుకుని, ఆయన చేతనే సంతకం చేయించుకుని, మూడున్నర బండికి తిరిగి బయల్దేరాను. కిటికీ బయట ఎర్రనేల, ఎండిన కంది చేలు, దూరంగా గనుల్లోంచి లేచే తెల్లటి పొగ లాంటి దుమ్ము మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఒక అంకె ఒక మనిషిని కాపాడగలదన్న సంతోషం నన్ను తేలికగా ఊపుతోంది. డోన్ వచ్చిందని పక్కనున్న ఆమె తట్టి లేపింది.

గురువారం కడపలో విచారణ. ఒక హోటల్ మేడమీది హాలు, పసుపు కర్టెన్లు, వాటిలోంచి వచ్చే ఎండ వల్ల అందరి ముఖాలూ పాత ఫొటోలో ముఖాల్లా ఉన్నాయి. నేను పేజీ నకలు ముందు పెట్టి వివరించాను. అధ్యక్షుడు చిరునవ్వుతో, తన పెళ్లికి మేనమామ చదివించిందీ ఇంతేనన్నారు. న్యాయవాది రెండు ప్రశ్నలు వేసి, ఇది పెట్టుబడి కాదు, కానుక అని ఒప్పుకుంది. మందలింపు ఉత్తర్వు రాయడానికి నేను రెండో కాగితం తీశాను. పదకొండు గంటల ఇరవై అయిదు నిమిషాలైంది.

చివరి ప్రశ్న అధ్యక్షుడు ఆనవాయితీగా అడిగారు. కంపెనీ లెక్కల ప్రకారం ఎవరికీ లాభం పంచలేదు, అది నిజమేనా అని.

ఎదురు కుర్చీలో ఉన్న ఆటగాడు లేచి నిలబడ్డాడు. ఎవరూ చూడనంత తేలికగా గోరు తగిలినా తనంతట తాను చెయ్యెత్తి గీత బయటికి నడిచే ఆటగాళ్లు కొందరుంటారు. అతను అలాగే చెయ్యెత్తాడు.

"లెక్కల్లో ఉండదు సార్. నలభై వేలు ముట్టింది. బావ చేతికిచ్చినాడు."

"దేనికిచ్చాడు?"

"మోకాలికి సూది ఏపించుకునేకి దుడ్లు లేవంటి. 'నీ భాగం వచ్చింది లేప్పా, తీసుకో' అన్యాడు. ఏం భాగమని అడిగితి. చెప్పినాడు. తెలిసే తీసుకుంటి."

అధ్యక్షుడు ఆ మాటలను న్యాయవాదికి ఇంగ్లీషులో చెప్పారు. దీనికి కాగితమేదైనా ఉందా అని ఆమె అడిగింది. లేదు. బావ ఒప్పుకుంటాడా అని అడిగింది.

"ఒప్పుకోడు మేడం. నన్నే తిడతాడు. యాడి పిచ్చోడివిరా, అడగనిది చెప్తాండావే అంటాడు."

అప్పుడు అధ్యక్షుడు నావైపు తిరిగారు. "రాతలో లేనిదాన్ని మీరెప్పుడూ లెక్కలోకి తీసుకోరు. ఇప్పుడేమంటారు?"

ఆయన నాకు తలుపు తెరిచి పెట్టారని అర్థమైంది. రెఫరీ చెయ్యి చూపని పాయింటు నేనెన్నడూ రాయలేదు. ఆ లెక్కన నలభై వేలు లేనే లేవు. ఫ్యాను తిరుగుతోంది. పసుపు వెలుగు బల్లమీద నీళ్లలా కదులుతోంది. రాయకుండా ఎంతసేపైనా అలా ఉండిపోవచ్చుననిపించింది.

"ఎప్పుడు తీసుకున్నావు?" అని అడిగాను.

"పోయిన సీజన్ మొదలయ్యేకి పది దినాల ముందు సార్. పదకొండు మ్యాచ్‌లు ఆ సూది మీదనే ఆడితి."

ఆ పదకొండు మ్యాచ్‌లకూ స్కోరు రాసింది నేనే. వాటిలో అతను తెచ్చినవి ఎనభై మూడు పాయింట్లు. ప్రతి పాయింటుకూ నా చేతి గీత ఉంది.

కలం ఇంకా కాగితం మీద పెట్టలేదు. అతను కొంచెం ముందుకు వంగాడు.

"రాసుకోండి సార్. మీరు రాయకపోతే నేను చెప్పిందానికి అర్థమేముండాది?"

రాశాను. మొత్తం, ఇచ్చినవారు, కారణం, సీజన్‌కు పది రోజుల ముందు అని. చదివి వినిపించి అతని సంతకం తీసుకున్నాను. ముగ్గురం ఒకే మాట మీద ఒక సీజన్ నిషేధించాం. పన్నెండు గంటల అయిదు నిమిషాలకు విచారణ ముగిసింది.

బయట వరండాలో అతను నాకోసం నిలబడి ఉన్నాడు. కోపం లేదు. సరిగా చెప్పాలంటే, కోపం ఉందో లేదో నేను చూడలేకపోయాను.

"ఆపై సీజన్ మొదలయ్యేకి నాకెంతవుతుంది సార్?"

"ముప్పై రెండేళ్ల తొమ్మిది నెలలు."

"అప్పటికి ఈ మోకాలు ఉంటాదా?"

"దానికి నా దగ్గర లెక్క లేదు."

"మీ దగ్గరగూడా లేదా!" అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "పోయొస్తా సార్. మా అక్కకు ముందు నేనే చెప్పల్ల. బావ నోట్లోంచి వింటే ఇల్లు పీకి పందిరేస్తాది," అన్నాడు.

మరుసటి ఏడాది ఎంపికలకు అతను రాలేదు. ఆ రోజు మెట్ల దగ్గరే అది నాకు తెలిసి ఉండవలసింది. కమ్మీ పట్టుకుని, కుడి కాలు ముందు వేసి, ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చి పెట్టుకుంటూ, ఒక్కొక్క మెట్టూ నెమ్మదిగా దిగాడు. కింద తెరిచి ఉన్న గుమ్మం నిండా కడప ఎండ తెల్లగా, అవతల ఏమీ లేనట్టుగా ఉంది. అక్కడ ఒక్క క్షణం ఆగి చొక్కా సరిచేసుకుని, అతను అందులోకి అడుగు పెట్టాడు.