అతుకు కనబడని అంగడి

త్రివేణి పని ఏడేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. పడకూడదనే ఆమె అంత జాగ్రత్తగా చేసేది. చివరికి అదే ఆమె మెడకు చుట్టుకుంది.

నల్గొండలో క్లాక్ టవర్ వెనక సందులో కిరాయి ఇల్లు ఆమెది. ఆ ఇంటి ముందు గదిలో కూర్చొని హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి పనిచేస్తుంది. ఆ కంపెనీ నడిపేది ఫోన్లో ఆడుకునే ఒకే ఒక ఆట. పేరు ‘అంగడి’. ఆడేవాళ్లు ఒక్కొక్కరికీ అందులో ఒక దుకాణం ఉంటుంది. ఉప్పో, కుండలో, గాజులో, ఎవరికి నచ్చిన సరుకు వాళ్లు పెట్టుకుంటారు. గురువారం గురువారం అంగడి కూడుతుంది. బేరాలాడతారు, పక్క దుకాణం వాళ్లతో ముచ్చట పెడతారు. గెలిచి ముగించేదేమీ ఉండదు. అందుకే ఇలాంటి ఆటను ఒకసారి చేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఊరి మంచినీళ్ల పైపులాగా రోజూ ఎవరో ఒకరు చూసుకోవాలి. చూసుకునేది త్రివేణి.

ఆమె పెద్ద చదువులు చదవలేదు. డిగ్రీ రెండో ఏడు ఆపేసి, ఇంటర్నెట్ సెంటర్లో దరఖాస్తులు నింపే పనికి కుదిరింది. ఖాళీ దొరికినప్పుడల్లా అక్కడి కంప్యూటర్ల మీదే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. గురువు లేడు. చెడగొట్టుకుంది, బాగుచేసుకుంది. అసలు పని మాత్రం అంతకన్నా ముందే, చండూరులో తండ్రి వీరేశం మగ్గం దగ్గర నేర్చింది.

మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలు కోసి పారేయరు. జానెడు మిగలనిస్తారు. కొత్త పడుగులోని ఒక్కో పోగును ఒక్కో పాత కొసకు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో పురిపెట్టి అతుకుతారు. అట్లా వేల పోగులు. అతుకు లావైతే, పోగులను దువ్వెనలా పట్టి ఉంచే పన్నెలో ఇరుక్కొని తెగుతుంది. పదేళ్ల వయసు నుంచీ ఆ ఇంట్లో అతికేది త్రివేణే. వీరేశం మాటల మనిషి కాడు. ఆమె అతికిన వరుస మీద కళ్లు మూసుకొని వేలితో రాసి చూసేవాడు. “అతుకు చేతికి తెల్వాలె బిడ్డా, కంటికి గాదు” అనేవాడు. ఇంకోమాట కూడా అనేవాడు: “పన్నె ఇరిగినంక మాత్రం అతుక్కుంట కూసోకు. కొత్తది ఎక్కియ్యి.” ఆయన పోయి మూడేళ్లయింది.

ఆటలోనూ ఆమె అదే పద్ధతి పెట్టుకుంది. మంగళవారం మధ్యాహ్నం అంగడిలో జనం పల్చగా ఉంటారు. ఆ వేళకు ప్రోగ్రాములోని పాత ముక్క ఒకటి తీసి కొత్తది అతికేది. మార్చామని ఎక్కడా చాటలేదు. ఆడుతున్నవాళ్లకు గతుకు తగలకపోతే పని కుదిరినట్టు లెక్క. తీసిన పాత ముక్కలను మాత్రం పారేయలేదు. మొదటి ఏడాది నాటి ఆట మొత్తం ఆమె దగ్గర అట్లాగే ఉంది.

మొన్నటి ఎండాకాలంలో కంపెనీ నడిపే రిత్విక్ ఫోన్ చేశాడు. త్రివేణి కన్నా పదేళ్లు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. ‘అంగడి’కి రెండో ఆట తెస్తున్నామని చెప్పాడు. దసరా నాటికి పాతది మూసేస్తారు. ఏడేళ్లుగా అదే అంగడి, అదే మబ్బు, అదే కోడి అని జనం రాస్తున్నారట. బొమ్మలు వేసే మనస్విని పక్క నుంచి అందుకుంది. “ఆ కోడి కూడ ముసల్దయింది అక్కా. ఈమధ్య కూస్తలేదు, దగ్గుతున్నది.”

త్రివేణి నవ్వబోయి ఆగిపోయింది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బయటి నుంచి చూస్తే ఏమీ మారలేదు. మారినట్టు తెలియకుండా మార్చింది తనే.

మూసివేత సంగతి ఆటలో కనబడిన మూడో రోజున జడ్చర్ల నుంచి గులాబ్‌బీ ఫోన్ చేసింది. ముప్పై ఏళ్లు అంగళ్లు తిరిగి గాజులమ్మిన మనిషి. కరోనా వచ్చిన ఏడాది అంగళ్లు బందయ్యాయి. తెరిచేనాటికి మోకాళ్లు, వేళ్లు సహకరించలేదు. కొడుకు రియాజ్ తన పాత ఫోన్లో ఈ ఆట వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి గురువారం పొద్దున ఆరింటికి అందరికన్నా ముందు తెరుచుకునేది ఆమె గాజుల దుకాణమే. సోమవారాల్లో ఆటగాళ్ల ఫోన్లు తీసేది త్రివేణి కాబట్టి ఇద్దరికీ పాత పరిచయం.

“కొత్త అంగడిల నా దుకాణం ఉంటదా బిడ్డా?” అని అడిగింది గులాబ్‌బీ.

“ఉండదమ్మా. అందరు మొదటికెళ్లి పెట్టుకోవాలె. ఫోన్ గూడ పెద్దది గావాలె.”

 ఆమె తనను తాను ఓదార్చుకుంటున్నట్టు వేళ్ల సంగతి ఎత్తింది. ముందుగాల ఆటలో గాజుల డబ్బా మూత తీయడానికి తెర మీద రెండు వేళ్లతో నొక్కి పట్టాల్సి వచ్చేదని, ప్రాణం పోయేదని చెప్పింది.

“రెండేండ్ల సంది ఒక్క వేలుతోని తీస్తున్న. దవాఖాన గోలీలు పనిజేసినయ్. వేళ్లు నయమైనయ్ గని, గిప్పుడు దుకాణమే పోబట్టె.”

ఆ మూతను ఒక్క వేలికి తెరుచుకునేలా మార్చింది త్రివేణి. రెండేళ్ల కింద, ఒక మంగళవారం. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

ఫోన్ పెట్టేశాక ఆమెను పట్టుకున్నది కోపం కాదు, అనుమానం. తను చేసినదన్న మమకారంతో పాతది పాతదిగా ఉండాలని కోరుతున్నదా? పన్నె నిజంగా విరిగిందేమో. పది రోజులు ఆట అడుగు నుంచి ఒక్కొక్క భాగమే విప్పి చూసింది. తండ్రి వేలితో రాసి చూసినట్టే, తొందర లేకుండా. ఒక్కచోట విరిగింది. ఒక దుకాణం ముందు నలభై మంది దాటి గుమిగూడితే ఆట నిలబడటం లేదు. అది తను ఎన్నోసార్లు అతికిన చోటే. అక్కడ ఇక అతుకు ఆగదు. మిగతాదంతా గట్టిగా ఉంది.

పదకొండో రోజున హైదరాబాదు బస్సెక్కింది. సంచిలో వెనక మూత ఊడి రబ్బరు బ్యాండు వేసిన పాత ఫోన్ ఒకటుంది.

ఆఫీసులో మనస్విని కొత్త ఆట బొమ్మలు గోడ మీద చూపించింది. నాలుగు నెలల కష్టం. గడ్డి కప్పుల మీద వాన పడుతోంది. బురదలో బండి చక్రం దిగుతోంది. త్రివేణికి అవి నచ్చాయి, నచ్చాయనే చెప్పింది. తర్వాత ఒక మూల కంప్యూటర్లో మొదటి ఏడాది అంగడిని లేపి, పాత ఫోన్లో తెరిచి, రిత్విక్ చేతిలో పెట్టింది.

తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఫోన్ వేడెక్కింది. కోడి సగం గోడలో ఇరుక్కొని ఉంది. ఉప్పు కొంటే కుండ వచ్చింది. మనస్విని గాజుల డబ్బా తీయబోయి, రెండు వేళ్లతో నొక్కి పట్టి, జారిపోయి, మూడుసార్లు విసుక్కుంది. అదే ఫోన్లో త్రివేణి ఇవాళ్టి అంగడిని తెరిచింది. లోపలున్న ఉప్పు బస్తా కనబడటానికి పది క్షణాలు పట్టలేదు.

“రెండోది ఎప్పుడో వచ్చింది సార్” అంది త్రివేణి. “వచ్చినట్టు మీకు తెల్వలే.”

రిత్విక్ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. “మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదక్కా?”

“చెప్పుడు గూడ పనిలనే ఉంటదని నాకు ఎరుక లేకుండె.”

విరిగిన చోటు సంగతి కూడా దాచలేదు. అదొక్కటి కొత్తగా కట్టాలని, మూడు నెలలు పడుతుందని, ఇద్దరు మనుషులు కావాలని చెప్పింది. దానికోసం అంగడి మొత్తం మూసే పని లేదంది. రిత్విక్ ఆ రోజు ఏమీ తేల్చలేదు. వారం తర్వాత చెప్పాడు. పాతది మూయరు. కొత్త ఆట ఏడాది ఆగుతుంది. ఒక్కటే షరతు. ఇకమీద ఏ వారం ఏం మార్చారో ఆటలో ఆడేవాళ్లందరికీ రాసి చెప్పాలి. మొదటి చీటీలో ఈ ఏడేళ్లదీ ఉండాలి.

ఆ వార్తకు సంతోషించడం త్రివేణికి చేతకాలేదు. తన పని నిలబడితే ఇంకొకరి పని గోడకు చేరింది. మనస్వినికి ఫోన్ చేసింది. కొత్త ఆట బొమ్మల్లోని ఆ వాన అడిగింది. “గా వాన నాకియ్యి చెల్లె. పాత అంగడిల కురిపిస్త.”  “కోడి తడుస్తదేమో చూస్కో అక్కా” అంది మనస్విని.

చీటీ రాయడానికి త్రివేణికి ఒక పూటంతా పట్టింది. అన్నేళ్ల మార్పులు చేసినప్పుడు కూడా ఇంత తడబడలేదు. ఉప్పుకు కుండ రావడం ఎప్పుడు ఆగిందో రాసింది. చిన్న ఫోన్లలో ఆట తొందరగా తెరుచుకోవడానికి ఏం చేసిందో రాసింది. కోడిని గోడలోంచి బయటికి లాగిన సంగతి రాసింది. గాజుల డబ్బా మూత ఇప్పుడు ఒక్క వేలికే తెరుచుకుంటుందని కూడా రాసింది. ఆ వాక్యం మూడుసార్లు చదువుకుంది. ఆటలో ఉన్నవాళ్లందరూ చీటీ చదువుతారు. జడ్చర్లలో, గోలీలకే వేళ్లు నయమయ్యాయనుకుంటున్న మనిషీ చదువుతుంది.

ఆ ఒక్క వాక్యం కొట్టేసి, మిగతాది పంపింది.

వానాకాలం చివర, ఒక గురువారం పొద్దున ఆరింటికి ఆమె ఆట తెరిచి చూసింది. అంగడిలో మనస్విని వాన సన్నగా పడుతోంది. దుకాణాలన్నీ ఇంకా మూసే ఉన్నాయి. ఒక్కటి తప్ప. అక్కడ గాజుల డబ్బా మూత లేచింది.