గైడు ఖర్చు

ఎనభైల్లో ఒక చలికాలం. చండ్రుగొండలో భద్రాచలం బస్సు కోసం కూర్చుని హిమాలయ యాత్రకు ఖర్చులు రాసుకుంటున్నాను. మంచుకొండ ఎక్కాలన్నది చనిపోయిన నా భార్య కోరిక. డబ్బు చాలక చలికోటు ఉంచి గైడు ఖర్చు కొట్టేశాను.

పక్కన కూర్చున్న ఫారెస్టు వాచర్ కాగితంలోకి తొంగి చూసి నవ్వాడు.

"ఏంది సార్, కోటు కొంటరు గానీ దారి చూపెటోడు వద్దా? కోటు అడిగితే ఎవరన్నా ఇస్తరు. దారి అడిగితే కొండ చెప్తదా?"

"నువ్వైతే?"

"ఇరవై ఏండ్లసంది అడవిల తిరుగుతున్న. అయినా కొత్త గుట్టకు పోతే ఆ ఊరోన్ని ఎంబడి పెట్టుకుంట."

కోటు కొట్టేసి గైడును మళ్లీ రాశాను. కోటు మా కాలేజీలో సాటి లెక్చరర్ ఒకాయన అరువిచ్చాడు.

హిమాలయాల్లో శిఖరం దగ్గరపడ్డాక మబ్బు కమ్మింది. ఒక్కణ్ణే ఉంటే ఎక్కేసేవాణ్ణి. గైడు వెనక్కి తిప్పాడు. కింద డేరాలో వేడి అన్నం, పప్పు పెట్టాడు. నా భార్య పోయాక మారు వడ్డించమని నేను అడగడం అదే మొదటిసారి.