పెద్దనాయనకు ఏ శ్రుతి పెట్టాల?

పోయిన నెల ఒక మంగళవారం, ఆదోనిలో మా బడిలో నాలుగో పీరియడ్ జరుగుతుండగా ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, నాయన పోయినాడు. పొద్దున టీ తాగి కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు" అన్నాడు మా హార్మోనియం పెద్దనాయన కొడుకు. తొమ్మిదో తరగతి పిల్లలు నా ముఖం చూసి వాళ్ళంతట వాళ్ళే గలాటా ఆపేశారు. ఇన్నేళ్ళలో నేను అరవకుండా నా క్లాసు ఊరుకున్నది ఆ రోజే.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ళ వీధిలో మా ఇంటికి మూడో ఇల్లు. పగలంతా మగ్గం, పొద్దు వాలితే హార్మోనియం. మా పక్క ఏ ఊళ్ళో పద్యనాటకం ఆడినా పెట్టె ముందు ఆయనే కూర్చునేవాడు. మా నాన్నదీ పగలు మగ్గమే. నాటకం ఒప్పుకున్న రోజు మాత్రం మీసం తీసేసి చీర కట్టుకునేవాడు. ఆ ట్రూపులో రాణి వేషం ఎప్పుడూ మా నాన్నదే.

ఈ రోజుల్లో ఇది చెబితే "అబ్బా, ఎంత గొప్ప కళ" అంటారు. మా బడిలో అప్పుడు అలా అనలేదు. "మీ నాయన చీర కట్టుకుంటాడంట గదా, మరి మీయమ్మ పంచె కడ్తాదా?" అనేవాళ్ళు. నేను ఏడిచే రకం కాదు, కొట్టే రకం. ఇద్దరు ముగ్గురిని బాగానే కొట్టాను. అయినా ఇంటికొచ్చి నాన్న ముఖం చూడాలంటే మాత్రం నాకు ఒళ్ళు మండేది. నేను పదో తరగతిలో ఉండగా నాన్న జ్వరంతో పోయాడు. చివరి రోజుల్లో కూడా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. నాన్న తిథినాడు పొద్దున్నే పెద్దనాయన హార్మోనియం పెట్టె ఎత్తుకొని మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద తుండు పరిచి కూర్చున్నాడు. పెట్టె తెరిచి ఒకే ఒక మెట్టు నొక్కి పట్టుకున్నాడు. ప్రతి పాటగాడికీ తన గొంతుకు సరిపడే శ్రుతి ఒకటి ఉంటుంది. నాన్నది ఐదున్నర. ఆ ఒక్క స్వరం అలా మోగుతూ ఉంటే ఆయన లోపలికి చూస్తూ కూర్చున్నాడు, ఇంట్లో ఎవరైనా వచ్చి నాన్న పద్యం ఒకటి ఎత్తుకుంటారేమోనని.

నేను వెళ్ళి తలుపు వేశాను.

మెల్లగా కాదు, గొళ్ళెం చప్పుడయ్యేట్టు వేశాను. స్వరం మాత్రం ఆగలేదు. కాసేపు మోగి, తర్వాత తనంతట తానే సద్దుమణిగింది. అమ్మ పెరటి దారిన వెళ్ళి చెంబుతో నీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయాడు. "నువ్వే రెండు పద్యాలు పాడిపోరాదా అన్నా" అని అమ్మ అడిగిందట. "శ్రుతి నేను పెడ్తా. పద్యం ఇంటోళ్ళే పాడాల. నేను పాడితే అది కచేరీ అయితాదమ్మా" అన్నాడట.

మా ఒక్క ఇంటికే కాదు. ట్రూపులో పోయిన వాళ్ళందరి ఇళ్ళకూ ఏటా ఇలాగే వెళ్ళేవాడు. ఆయన మగ్గం ఎదురుగా గోడకు క్యాలెండరు ఉండేది. ఉగాదికి కొత్తది రాగానే పంచాంగం పక్కన పెట్టుకొని, ఒక్కో తిథి దగ్గర పెన్సిలుతో ఒక అంకె వేసుకునేవాడు. నాలుగు, ఒకటిన్నర, ఐదున్నర. పేర్లు రాసేవాడు కాదు. "పేర్లు మీరు గుర్తు పెట్టుకోండి, నాకు శ్రుతి సాలు" అనేవాడు. పట్నాల్లో పెద్ద కళాకారులకు జయంతులు, వర్ధంతులు జరిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆస్పరిలో గొర్రెలు కాస్తూ మంత్రి వేషం వేసినాయనకు, సి.బెళగల్‌లో కూలికి పోతూ విదూషకుడి వేషం కట్టినాయనకు ఎవరున్నారు? ఈయన ఒక్కడే. పెట్టెను పాత దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కేవాడు. లగేజీ టికెట్ తీసుకోమని కండక్టరు అంటే, "సంటిబిడ్డకు టికెట్టేందప్పా" అనేవాడు.

నాకు ఆదోనిలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అమ్మ కూడా పోయింది. ఇక పెద్దనాయన రాడులే అనుకున్నాను. ఆ ఏడు తిథికి పొద్దున ఎనిమిదింటికల్లా ఆదోనిలో మా గడపలో దిగాడు. బడికి టైమవుతోందని చెప్పి, కాఫీ ఇచ్చి, నేను ఆటో ఎక్కాను. తలుపు వేయలేదన్న మాటే గాని, వేసినట్టే. అలా చాలా ఏళ్ళు గడిచాయి. ఆయన రావడం మానలేదు, నేను తప్పించుకోవడం మానలేదు.

మూడేళ్ళ కిందట ఆదోనిలో ఒక నాటక సంఘం వాళ్ళు పాత రంగస్థల కళాకారులను తలచుకునే సభ పెట్టారు. తెలుగు టీచరును కదా, మాట్లాడమన్నారు. పుస్తకాలన్నీ తిరగేసి వెళ్ళాను. రైళ్ళలో ఊరూరా తిరిగిన నాటక సమాజాల గురించి, కోస్తా నటుల గురించి, వాళ్ళ కిరీటాల గురించి, రాగాల గురించి అరగంట దంచాను. చప్పట్లు బాగానే పడ్డాయి. దిగుతుంటే మూడో వరసలో పెద్దనాయన కనిపించాడు. నా పేరు కరపత్రంలో చూసి, ఎమ్మిగనూరు నుంచి పనిగట్టుకొని వచ్చాడట.

బస్టాండు దాకా తోడు వెళ్ళాను. బస్సు ఎక్కేముందు అన్నాడు. "బాగ మాట్లాడినావు పాపా. పెద్దపెద్దోళ్ళందర్నీ తల్సుకున్నావు. ఊర్లూర్లూ తిప్పినావు. మన వీధికి ఒక్కటే రాల్యా."

నాకు చాలా కోపం వచ్చింది. తప్పు మనదైతే కోపం రెట్టింపు వస్తుంది. "అంత పెద్ద సభలో మా నాన్న మాటెందుకు పెద్దనాయనా?" అన్నాను.

"సభ పెద్దదేలే" అన్నాడు. "మీ నాయన సిన్నోడా?"

బస్సు కదిలింది. కిటికీ పక్క సీటులో కూర్చుని నాకు చెయ్యి ఊపుతున్నాడు, ఏమీ అననట్టే.

తర్వాతి తిథికి నేను బడికి సెలవు పెట్టాను. ఆయన వచ్చేసరికి హాల్లో చాప వేసి ఉంచాను. ఆయన పెట్టె దించి చాప మీద కూర్చున్నాడు. ఐదున్నర పెట్టాడు. నాన్న మగ్గంలో కూర్చొని సాధన చేసిన పద్యాలన్నీ నాకు నోటికి వచ్చు. పోగు మోసే నాడె ఇటు పోయినప్పుడు ఒక ముక్క, అటు పోయినప్పుడు ఒక ముక్క, విననని చెవులు మూసుకొని మరీ నేర్చుకున్నాను. నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

"వచ్చే ఏడు పాడతాలే పెద్దనాయనా" అన్నాను.

"దానికేం తొందర. ఐదున్నర ఆడోళ్ళ గొంతుకు సరిగ్గా కుదురుతాది. మీ నాయన దానికోసం గొంతు సించుకున్నాడు. నీకట్ల అక్కర్లే." పెట్టె మూస్తూ నవ్వాడు. "వచ్చే ఏడుకు నేనుండాలంటావు. సరే, ఉంటాలే."

మరుసటి ఏడు వచ్చాడు, నేను పాడలేదు. పోయిన ఏడు వచ్చాడు, గొంతు బాగాలేదని చెప్పాను. ఆయన ఉంటాలే అన్నాడు కదా, ఉంటాడనే నమ్మాను. ఈసారి నాన్న తిథికి ఇంకా మూడు వారాలుండగా ఆయనే లేడు. ఇచ్చిన మాట ఆయన రెండుసార్లు నిలబెట్టుకున్నాడు, నేనే తప్పాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పదకొండో రోజు దివసానికి ఎమ్మిగనూరు వెళ్ళాను. వీధి నిండా మనుషులు. ఆస్పరి నుంచి, కృష్ణగిరి నుంచి, సి.బెళగల్ నుంచి, ఆయన ఏ ఏ ఇళ్ళకు పెట్టె మోసుకెళ్ళాడో ఆ ఇళ్ళ వాళ్ళందరూ వచ్చారు. ఒకరికొకరు తెలియదు. భోజనాలయ్యాక కొడుకు హార్మోనియం తెచ్చి నడుమ పెట్టాడు.

"నాయన అందరికీ పెట్టినట్టే మనం నాయనకు పెడదాం" అన్నాడు. మెట్ల మీద వేళ్ళుంచి ఆగిపోయాడు. "నాయనది ఏ శ్రుతి?"

ఆయన వాయించడమే గాని పాడగా ఎవరూ వినలేదు. "నాలుగు పెట్టప్పా" అన్నాడు ఆస్పరి నుంచి వచ్చిన ఒక ముసలాయన. "నాటకంలో నాకు పెట్టేటప్పుడు ఆయప్ప శానా కుశాలగా ఉంటాండె." బెళగల్ వాళ్ళు అలా కాదు, ఒకటిన్నర అన్నారు. ఎవరి ఇంట్లో మోగింది వాళ్ళకు ఆయనదే అనిపించింది. మాట మాట పెరిగి దివసం ఇల్లు కాస్తా రచ్చబండ అయ్యేట్టుంది.

అప్పటిదాకా గోడకానుకొని కూర్చున్న పెద్దమ్మ తల ఎత్తింది. "ఎందుకప్పా కొట్లాడుకుంటారు? ఆయప్పకు సొంత శ్రుతి యాడిది? ఎవురు పాడ్తే వాళ్ళదే. ముందు పాడేదెవురో సూడండి."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఐదున్నర పెట్టు తమ్ముడూ" అన్న గొంతు నాదేనని నాకు కాసేపటికి గాని తెలియలేదు.

పాడాను. రాణి రాజును సాగనంపే పద్యం. మొదటి పాదం వణికింది, రెండో పాదంలో రాగం ఎటో పోయి వచ్చింది. మూడో పాదానికి నాన్న ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే నాకూ ఊపిరి అందింది. నాలుగో పాదం పూర్తయిందో లేదో నాకే తెలియదు, ఏడుపు వచ్చేసింది.

అప్పుడు ఆ ఆస్పరి ముసలాయన గట్టిగా అన్నాడు. "వన్స్ మోర్!"

కొందరు ఉలిక్కిపడి చూశారు. దివసం ఇంట్లో అలా అరుస్తారా అని ఎవరో కసిరారు కూడా. ఆయన పట్టించుకోలేదు. "మీ నాయన నాకు ఇరవై ఏండ్లు పెండ్లాముగా ఏసినాడమ్మా. నేనే రాజును. ఆ పద్యం ఒక్కసారే ఇని ఏ పొద్దూ పోలేదు నేను" అన్నాడు.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "అడిగినంక పాడాల గదమ్మా. పాడు" అంది.

తమ్ముడు మళ్ళీ హార్మోనియం తిత్తి ఆడించాడు. రాజుగారు చాప మీద మోకాళ్ళతో జరుగుతూ జరుగుతూ నా ఎదురుగా వచ్చి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని కూర్చున్నాడు.